దాలి మీద పాలు

శితికంఠుడికి పురాణం చెప్పడంలో మంచి పేరుండేది. గొంతు నిండుగా పలికేది. పద్యాలు వందలకొద్దీ నోటికి వచ్చు. అలాంటివాడు ఒకరోజు పొద్దున గురువుగారికి నమస్కారం చేసి, లేచి వెళ్ళకుండా అక్కడే కూర్చుండిపోయాడు.

"నాకేదైనా మంత్రం ఇవ్వండి స్వామీ. మనసు నిలవడం లేదు," అన్నాడు.

గురువుగారి పేరు కేదారస్వామి. పెన్న ఒడ్డున ఆయనకొక చిన్న మఠం ఉండేది. నాలుగు గదులు, పశువుల కొట్టం, వెనక వంటిల్లు, అంతే. శిష్యుడు వచ్చేసరికి ఆయన మోదుగాకులతో విస్తరి కుడుతున్నారు. పుల్ల విరుస్తూనే అడిగారు.

"నిలవకపోతే ఏం జరిగింది?"

జరిగింది చెప్పడానికి శితికంఠుడికి కొంతసేపు పట్టింది.

పోయిన పున్నమికి నీలంపల్లెలో పురాణం చెప్పాడు. ఆ ఊళ్ళో పురాణం చెప్పేవాళ్ళకు భోజనం ఎప్పుడూ ఓబులమ్మ అనే పెద్దావిడ ఇంట్లోనే. ఆవిడ ఓళిగలు చేసింది. బెల్లం పూర్ణం, పైన నెయ్యి. ఒకటి తినేలోపే ఇంకొకటి వేసింది. వద్దంటే నొచ్చుకుంటుందని ఇతను వద్దనలేదు. సాయంత్రం పీఠం మీద కూర్చునేసరికి కళ్ళు మూతలు పడుతున్నాయి. పొట్ట బిగిసి ఊపిరి బరువుగా ఉంది. కథలో ఒక ముని గాలి మాత్రమే పీలుస్తూ తపస్సు చేసే చోటు వచ్చింది. ఎన్నోసార్లు చెప్పిన పద్యమే. రెండో పాదం దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

అందరూ ఎదురుచూస్తున్నారు. అప్పుడు ఓబులమ్మ అడిగింది, "మరి ఆ మునికి ఆకలి వెయ్యదా సామీ?" అని.

ఆవిడ నిజంగా తెలుసుకుందామనే అడిగింది. జనం నవ్వారు. శితికంఠుడికి మాత్రం వాళ్ళు తనను చూసే నవ్వినట్టు అనిపించింది.

"నీకు తిండి ధ్యాస తప్ప వేరే ధ్యాస లేదా అన్నాను స్వామీ," అన్నాడు తల వంచుకుని. "మధ్యాహ్నం ఆవిడ చేతి వంటే తిన్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది."

గురువుగారు విస్తరి తిప్పి రెండోవైపు కుట్టడం మొదలుపెట్టారు.

"ఆ ఒక్కరోజేనా?"

"కాదు స్వామీ. ఈమధ్య ఊరికే కోపం వస్తోంది. రాత్రుళ్ళు నిద్ర పట్టదు. పొద్దున చదివింది సాయంత్రానికి ఉండటం లేదు. కార్తికంలో నెల పొడుగునా నీలంపల్లెలో నేనే పురాణం చెప్పాలి. ఈ మనసుతో చెప్పలేను. చెప్పకుండా ఉందామా అంటే, నాకు ఇంకో పని చేతకాదు."

ఆ మాట నిజమే. అతను చిన్నప్పటినుంచీ నేర్చుకున్నది అదొక్కటే.

"మనసు నిలిచేదాకా పీఠం ఎక్కకు," అన్నారు గురువుగారు.

"దానికే కదా స్వామీ మంత్రం అడుగుతున్నది."

"ఆకలి వేస్తోందా?"

ఈ ప్రశ్న ఎందుకు వచ్చిందో శితికంఠుడికి అర్థం కాలేదు. ముంగిట్లో పడుతున్న ఎండ వైపు చూశాడు.

"చద్దివేళ అయింది స్వామీ."

"నేను వేళ అడగలేదు నాయనా."

శితికంఠుడు తన లోపలికి చూసుకున్నాడు. వెతుక్కుంటే ఆకలి ఎక్కడా కనిపించలేదు. చివరిసారి ఎప్పుడు వేసిందో కూడా గుర్తు రాలేదు. రాత్రి తిన్నదాని పులుపు మాత్రం ఇంకా గొంతులో ఉంది.

గురువుగారు విస్తరి పక్కన పెట్టి లేచారు. అతన్ని పెరట్లోకి తీసుకువెళ్ళి దాలి ముందు నిలబెట్టారు.

దాలి అంటే ఇప్పటివాళ్ళకు చెప్పాలి. పెరట్లో ఒక మూల మట్టితో గుంటలాగా కట్టి, అందులో పిడకలు రాజేసి, మీద బూడిద కప్పుతారు. మంట రాదు. లోపల మాత్రం నిప్పు ఎర్రగా ఉంటుంది. దానిమీద పాలకుండ పెట్టి మూత వేస్తే, పొద్దున్నించి సాయంత్రం దాకా పాలు కాగుతూనే ఉంటాయి. పొంగవు, మాడవు. నెమ్మదిగా రంగు తిరిగి మీద మందంగా మీగడ కడుతుంది. ఆ పాలు తోడు పెడితే పెరుగు గడ్డకట్టి కూర్చుంటుంది. మఠంలో అందరికీ మర్నాటి మజ్జిగ ఆ కుండలోదే.

"ఇవాళ్టినుంచి ఇది నువ్వు చూసుకో," అన్నారు గురువుగారు.

"మరి మంత్రం?"

"ముందు పాలు."

వంట కొండప్ప గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. నోరు ఊరుకునే మనిషి కాదు.

"పురాణం సామికి పిడకల పనా! మంచిదే. పద్యాలు వింటే పాలు తొందరగా కాగుతాయేమో చూద్దాం."

ఇంత చదివినవాడికి ఇదేం పని అని శితికంఠుడు లోపల అనుకున్నాడు.

పని కష్టమైనదేం కాదు. పొద్దున బూడిద తీసి, నిప్పు కదిపి, పిడకలు పేర్చడం. మధ్యలో ఒకటి రెండుసార్లు చూసి, కావలసినంత వెయ్యడం. మొదట్లో బాగానే చేశాడు. ఒక చేత్తో తాటాకుల పుస్తకం పట్టుకుని రెండో చేత్తో పిడక వేసేవాడు. అన్నం తినేటప్పుడూ అతనికి అదే అలవాటు. విస్తరి పక్కనే పుస్తకం ఉండేది. చదువుతూ తినేవాడు. ఏం తిన్నావని అడిగితే విస్తరి వైపు చూసి చెప్పేవాడు.

పీఠం ఆగింది కానీ పిలుపులు ఆగలేదు. ఎవరింట్లో వ్రతమైనా, గృహప్రవేశమైనా, మఠం నుంచి ఒకరు వచ్చి విస్తరి ముందు కూర్చుంటే మంచిదని ఆ చుట్టుపక్కల నమ్మకం. ఆ కూర్చునేవాడు ఎప్పుడూ శితికంఠుడే. పీకల దాకా తిని వచ్చేవాడు. మర్నాడు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసం ఉండేవాడు. దాంతో నిన్నటిది చెల్లిపోయిందని అతని ఉద్దేశం. చూసినవాళ్ళు ఎంత నిష్ఠ అనేవాళ్ళు. విందు రోజుల కోసం ఉత్తరీయం కొంగున వాము మూట ఒకటి కట్టుకుని ఉండేవాడు. త్రేన్పు వచ్చినప్పుడల్లా రెండు పలుకులు నోట్లో వేసుకునేవాడు.

ఒకరోజు ఏటి అవతల ఊరినుంచి గృహప్రవేశానికి పిలుపు వచ్చింది. వెళ్తే సాయంత్రందాకా రావడానికి ఉండదు. మరి దాలి? శితికంఠుడు ఆలోచించాడు. మధ్యలో వెయ్యాల్సినవి కూడా ముందే వేసేస్తే సరిపోతుందనుకున్నాడు. పిడకలన్నీ గుంటలో అంచుదాకా కుక్కి, కుండ పెట్టి వెళ్ళాడు.

పొద్దు వాలాక తిరిగొచ్చేసరికి కొండప్ప వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు.

"రండి సామీ, రండి. విందు మీకొక్కరికేనా? మీ దాలికి కూడా మీరు బాగానే పెట్టిపోయారు."

"ఏమైంది?"

"ఏమవుద్ది! పొద్దున్నంతా ఉక్కిరిబిక్కిరై పొగ కక్కింది. మంట లేదు, వేడి లేదు. మధ్యాహ్నం గాలి తగిలి ఒక్కసారిగా భగ్గుమంది. పాలు పొంగి సగం బూడిదలో పోయినాయి. మిగిలింది అడుగంటింది. తోడు పెట్టినా. రేపు అందరూ తాగుదురుగాని."

మర్నాడు మజ్జిగలో మాడు వాసన. పంక్తిలో ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. గురువుగారు మాత్రం అన్నంలో పోయించుకుని ఎప్పటిలాగే తిన్నారు.

శితికంఠుడు ఆ పంక్తిలో లేడు. ఆ రోజు అతనికి ఉపవాసం. దాలి దగ్గరకు వెళ్ళి చూశాడు. నిన్న మరీ ఎక్కువైంది కదా అని ఈరోజు పిడకే వెయ్యలేదు. నిన్నటి నిప్పు మీదే కుండ పెట్టాడు. కాసేపటికి ఆ నిప్పు కూడా బూడిదైంది. గోరువెచ్చటి పాలు ఎండ వేడికి అలాగే ఉండి సాయంత్రానికి విరిగిపోయాయి.

"నిన్న మాడు, ఇవాళ విరుగుడు," అన్నాడు కొండప్ప. "రేపేం వడ్డించమంటారో ఇప్పుడే చెప్పండి సామీ. జనానికి ముందుగా చెప్పుకుంటా."

"నోరు ముయ్యి!" అని అరిచాడు శితికంఠుడు. కొట్టంలో ఆవులు తలలెత్తి చూశాయి.

కొండప్ప నోరు మూసుకున్నాడు. ఇంత అరుపు అతను అనుకోలేదు. శితికంఠుడు కూడా అనుకోలేదు. నీలంపల్లెలో ఓబులమ్మ మీద కూడా ఇలాగే, అనుకోకుండానే నోరు జారింది.

వెనక్కి తిరిగితే గురువుగారు ఉన్నారు.

ఆయన విరిగిన పాలు చూశారు. చల్లారిన గుంట చూశారు. కోప్పడలేదు.

"నిన్న అన్ని పిడకలు ఎందుకు వేశావు?"

"ఊరు వెళ్ళాలి కదా స్వామీ. మళ్ళీ వెయ్యడానికి ఉండనుగా."

"ఇవాళ ఒక్కటీ వెయ్యలేదేం?"

"నిన్న ఎక్కువ వేశాను కదా స్వామీ. దానికీ దీనికీ సరిపోతుందని..."

"దాలికి నిన్నటి సంగతి గుర్తుండదు నాయనా," అన్నారు గురువుగారు.

కొట్టం దగ్గరనుంచి ఎండిన పిడక ఒకటి తెచ్చారు. వంటింట్లోంచి నిప్పు తెప్పించారు. గుంట ముందు గొంతుక్కూర్చుని, పిడకను చిన్న ముక్కలుగా విరిచి, గాలి ఆడేలా పేర్చి రాజేశారు. పట్టుకున్నాక మీద పల్చగా బూడిద చల్లారు.

కాసేపయ్యాక శితికంఠుడి చెయ్యి పట్టుకుని దాలికి పైగా, జానెడు ఎత్తున ఉంచారు. అరచేతికి సన్నగా వెచ్చదనం తగిలింది. కాలడం లేదు. చల్లగానూ లేదు.

తెలిసిందా అన్నట్టు చూశారు. శితికంఠుడు తల ఊపాడు.

అప్పుడు ఆ చేతినే తీసి, శితికంఠుడి పొట్ట మీద పెట్టి, గురువుగారు లోపలికి వెళ్ళిపోయారు.

శితికంఠుడు చాలాసేపు చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డాడు.

తరవాత వచ్చిన పిలుపుకు అతను వెళ్ళలేదు. ఇంకో శిష్యుణ్ణి పంపాడు. ఆ పూట మఠంలో అతని విస్తరి పక్కన పుస్తకం లేదు. కొండప్ప సంగటి ముద్ద పెట్టబోతే సగం చాలన్నాడు. మరుసటి పూట ఏమీ వద్దన్నాడు.

"నామీద కోపమా సామీ?" అన్నాడు కొండప్ప. అతని గొంతులో ఈసారి వేళాకోళం లేదు.

"కోపం కాదు కొండప్పా. ఆకలి లేదు."

ఈ మాట గురువుగారిదాకా వెళ్ళింది. ఆయన అల్లం నలిపి వేసిన పల్చటి మజ్జిగ ఒక చెంబుడు పంపించారు. అది తాగి ఊరుకున్నాడు. ఉపవాసం అని ఎవరితోనూ అనలేదు. ఎవరూ నిష్ఠ అని మెచ్చుకోలేదు కూడా. మొదట అతనికి అది కొంచెం వెలితిగానే అనిపించింది.

దాలి దగ్గర మాత్రం రోజూ కూర్చునేవాడు. ఇప్పుడు అక్కడా పుస్తకం లేదు. అరచెయ్యి చాపి చూసేవాడు. వేడి తగ్గితే ఒక ముక్క. తగ్గకపోతే ఏమీ లేదు. గాలి ఎక్కువున్న రోజు ఒక లెక్క, ముసురు పట్టిన రోజు ఇంకో లెక్క. నిన్న ఎన్ని వేశానన్నది పనికిరాదు. ఇవాళ ఎలా ఉందన్నదే చూడాలి. నెమ్మదిగా పాలు రంగు తిరగడం మొదలుపెట్టాయి. పంక్తిలో అందరూ మజ్జిగ గురించి అనడం మానేశారు. మజ్జిగ బాగున్నప్పుడు ఎవరూ ఏమీ అనరు.

రాత్రి నిద్ర పట్టడం ఎప్పుడు మొదలైందో అతనికి తెలియదు. ఒకనాడు కోడి కూత విన్నాక, రాత్రంతా తను మేలుకోలేదని తట్టింది.

ఒకరోజు పొద్దున దాలిలో బూడిద తీస్తున్నాడు. ఇంకా మంచు విడలేదు. వంటింట్లో కొండప్ప సంగటి కెలుకుతున్నాడు. రాగిపిండి ఉడుకుతున్న వాసన వచ్చింది. శితికంఠుడి చెయ్యి బూడిదలోనే ఆగిపోయింది. పొట్టలో ఏదో మెల్లగా కదిలింది. ముందు అదేమిటో పోల్చుకోలేకపోయాడు. పోల్చుకున్నాక లేచి, చేతులకు బూడిదతోనే గురువుగారి దగ్గరకు వెళ్ళాడు.

"స్వామీ, ఆకలి వేస్తోంది." ఆగి, మొహమాటంగా అన్నాడు, "ఇంకా వేళ కాలేదు."

"నేను వేళ అడిగానా?" అన్నారు గురువుగారు.

కొండప్ప ఆ పొద్దున సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టాడు. శితికంఠుడు నమిలి నమిలి తిన్నాడు. ఊరుబిండిలో వేరుసెనగ ఉందని, మిరపకాయ కాల్చి వేశాడని అతనికి ఆ పూటే తెలిసింది. కొండప్ప ఇంకో ముద్ద పట్టుకుని వంగాడు. శితికంఠుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి నవ్వాడు.

"ఇదిగో కొండప్పా," అని కొంగున ఉన్న వాము మూట విప్పి ఇచ్చాడు. "వంటలో వాడుకో."

"అమ్మయ్యో, ఇంత వామా! కొట్టు పెట్టుకోవచ్చు సామీ," అన్నాడు కొండప్ప.

చెయ్యి కడుక్కుని వచ్చాక గురువుగారు అన్నారు, "నీలంపల్లె వాళ్ళు కబురు పంపారు. కార్తికం దగ్గరికొచ్చింది, ముందొక రోజు వచ్చి చెప్పమంటున్నారు. వెళ్ళిరా."

"పీఠం ఎక్కమంటారా స్వామీ?"

"ఎక్కకుండా ఎలా చెబుతావు?"

శితికంఠుడు మంత్రం సంగతి అడగలేదు. మర్చిపోయాడో, అక్కర్లేదనుకున్నాడో తెలియదు.

నీలంపల్లెలో భోజనం మళ్ళీ ఓబులమ్మ ఇంట్లోనే. ఆవిడ అతని ముఖంలోకి సూటిగా చూడకుండా వడ్డించింది. ఓళిగ వేసి నెయ్యి పోసింది. శితికంఠుడు తుంచి నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని తిన్నాడు. ఆవిడ అలవాటు ప్రకారం రెండోది తెచ్చింది.

"చాలమ్మా."

ఓబులమ్మ చెయ్యి గాలిలోనే ఆగింది. "బాగాలేదా సామీ?"

"చాలా బాగుంది. యాలకులు వేశారు కదూ?"

"పోయినసారీ ఏసినా."

"పోయినసారి నాకు తెలియలేదమ్మా," అన్నాడు శితికంఠుడు.

ఆవిడ అప్పుడు అతని ముఖంలోకి చూసింది. రెండో ఓళిగ గిన్నెలో పెట్టి మూత వేసింది.

సాయంత్రం జనం బాగా వచ్చారు. శితికంఠుడు పీఠం మీద కూర్చున్నాడు. పొట్ట తేలికగా ఉంది. గొంతు ఎప్పటిలాగే నిండుగా పలికింది. ముని గాలి పీలుస్తూ తపస్సు చేసే చోటు వచ్చింది. మొదటి పాదం చదివాడు. రెండో పాదం అందుకున్నాడు. మూడు, నాలుగు కూడా ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. ముందు వరసలో ఎవరో ఆహా అన్నారు.

కథ అక్కడినుంచి ముందుకు సాగాలి. అతను సాగనివ్వలేదు. జనంలోకి చూశాడు. ఓబులమ్మ ఈసారి చివర్లో, స్తంభం చాటున కూర్చుని ఉంది.

"ఓబులమ్మగారూ, పోయినసారి మీరిక్కడ ఒక మాట అడిగారు. మళ్ళీ అడగండమ్మా."

అందరూ వెనక్కి తిరిగారు. ఆవిడ కొంగు సర్దుకుంది.

"ఎందుకులే సామీ. తిండి ధ్యాస దాన్ని."

ఎవరూ నవ్వలేదు. శితికంఠుడు పీఠం మీదనుంచే చేతులు జోడించాడు.

"అడగండమ్మా."

ఆవిడ చిన్నగా అడిగింది. "ఆ మునికి ఆకలి వెయ్యదా సామీ?"

"వేస్తుందమ్మా," అన్నాడు శితికంఠుడు. "నాకు మొన్న వేసింది."

ముందు ఓబులమ్మ నవ్వింది. తరవాత జనమంతా నవ్వారు. ఆ నవ్వు తగ్గేదాకా ఆగి, అతను కథ అందుకున్నాడు. ఓబులమ్మ స్తంభం చాటునుంచి జరిగి, కనిపించేలా కూర్చుంది.

మర్నాడు అక్కడే పొద్దున్న తిని, ఏటి వెంబడి నడిచి, మధ్యాహ్నానికి మఠం చేరాడు. పంక్తి వేస్తున్నారు. కొండప్ప గంట కొడుతున్నాడు. గురువుగారు కాళ్ళు కడుక్కుంటూ అతన్ని చూశారు. పురాణం ఎలా జరిగిందని అడగలేదు.

"వేళయింది," అన్నారు. "ఆకలి వేస్తోందా?"

"లేదు స్వామీ."

"అయితే వెళ్ళి దాలి చూడు."

శితికంఠుడు ఉత్తరీయం నడుముకు చుట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. దాలి ముందు గొంతుక్కూర్చుని అరచెయ్యి చాపాడు. కాసేపు అలాగే ఉంచి, ఒక పిడక విరిచి, సగం వేశాడు. మిగతా సగం పక్కన పెట్టుకున్నాడు.